మహేందర్ నోటుబుక్కు

ఇబ్రహీంపట్నం, బేస్తవారం

బిడ్డ స్వరూపకు, నేను మంచిగనే తింటున్న, ఫికర్ జేయకు. తమ్ముని నోటుబుక్కులు జూసి ఏడుస్తున్ననని పాతపేపర్లోనికి ఏసెయ్యమన్నవు. ఎయ్యకపోవుడే మంచిగైంది. మొన్న వానితోని సదివిన సింధూర వచ్చింది. నువ్వుగింజంత సిలికాన్ మిషను ఎంత వంగుతదో మనోడు, ఈమె ఉన్న జట్టోళ్లు కంప్యూటర్ల జూస్తున్నరట. మహేందర్ పోయినంక లెక్క కుదుర్తలేదట. నోటుబుక్కు ఇస్తే విప్పి జూసి, "ఆంటీ, మేం అన్ని దిక్కులకూ ఒకటే గట్టిదనం వేశాం. మహేందర్ దిక్కుకొకటి రాసిపెట్టాడు" అని కండ్లల్ల నీళ్లు తీసింది. ఆ పక్కకే మన వెదురు తట్ట బొమ్మ గీసిండు. వెదురు నిలువుకు ఒకతీరు, అడ్డానికి ఒకతీరు ఉంటదని నేను చెప్తే "సాలు తియ్యే అమ్మా" అని నవ్వెటోడు. రాసుకున్నడు సూడు.

మిగిలిన లెక్కలు పచ్చ అట్ట బుక్కుల ఉన్నయని వాడే అండ్ల రాసిండట. నీ బిడ్డ రాసుకుంటదని నువ్వు తీస్కపోయినవు గద, అదే. ఒక్క కాయితం చింపకుండ జల్ది పంపు, వచ్చే నెలనే వాళ్ల పరీక్ష. పిల్లకు జరం తగ్గిందా?

ఈ లెక్కల మీద అచ్చేసే కాయితంల వాని పేరే ముందుగాల రాస్తదట సింధూర. ఆ తల్లి సల్లగుండాలె. ఆమెకు ఒక తట్ట అల్లియ్యాలని, ఆరు నెలలకు ఇయ్యాల మళ్ల కత్తి వట్టి వెదురు చీల్చిన.

అల్లునికి, పిల్లకు నా దీవెనలు.

మీ అమ్మ, అనంతమ్మ