ఎడమ చేతికి గాలం

జూన్ 9, ఆదివారం

గాలం తప్పుది తెచ్చాను. రాడ్ కవరు విప్పి మంచం మీద పెట్టాను. ఈయన ఎడమ చేత్తో అందుకున్నారు, రీలు చూశారు, గోడవైపు తిరిగి పడుకున్నారు. తిప్పే పిడి కుడివైపు ఉంది. పక్షవాతం వచ్చి, కుడి చెయ్యి, మాట రెండూ పోయి ఏడు నెలలు. రోజూ ఆ చేతికి చొక్కా తొడిగేది నేనే. దుకాణంలో మాత్రం గుర్తు రాలేదు.

జూన్ 10

డాక్టరు సులువుగా అనేశాడు — "ఇష్టమైన పని చేయించండి, చేతికీ మాటకీ మంచిది." ఈయనకి ఇష్టమైన పని ఒకటే. ఇరవై ఏళ్ళు, రైల్వే వర్క్‌షాపుకి సెలవు దొరికిన ప్రతి ఆదివారం, ఈ హిందీ ఊరి బయట ధర్సీవా వైపు చెరువులో చేపలు పట్టడం. ఆ ఇరవై ఏళ్ళూ నేను ఆ చెరువుని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు గాలం సామాను నేనే ఎంచాలి. తెలిసినాయనకి మాట రాదు. మాట వచ్చిన నాకు ఏమీ తెలియదు.

పాత సామాను ఉంటే ఈ బాధ లేదు. ఆసుపత్రి రోజుల్లో అటక ఖాళీ చేస్తూ పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. ఇక అక్కర్లేదనుకున్నాను. ఆ సంగతి ఈయనకి తెలుసు.

జూన్ 11

ఆఫీసు నుంచి నేరుగా దుకాణానికి. "కౌన్‌సీ మఛ్లీ, మేడమ్?" — ఏ చేపకి అని. చేపకే, అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. రోహుకా, కట్లాకా, దారం ఎంత మందం, ముల్లు ఏ నంబరు, నీళ్ళ మీద తేలే బెండు కావాలా... చివరికి "భాయీసాబ్‌ని పంపండి" అన్నాడు. భాయీసాబ్ బజారు దాకా రాలేరని చెప్పలేదు. వీడికెందుకు చెప్పాలి.

పిడి ఎడమవైపుకి మార్చి ఇచ్చాడు. ఒక్క స్క్రూ, అంతే.

జూన్ 12

ఈయన రాడ్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమ చేత్తో తిప్పారు. రెండు చుట్లు. రాడ్ జారి టీవీకి తగిలింది. అప్పుడు వెలిగింది నాకు — పిడి ఎటుంటేనేం? ఒక చేత్తో రాడ్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో తిప్పాలి. వర్క్‌షాపు ఆఫీసులో ఇన్నేళ్ళుగా వ్యాగన్ల విడిభాగాలకి ఇండెంట్లు రాస్తున్నదాన్ని. ఈ మాత్రం తోచలేదు.

జూన్ 14

మాట్లాడారు! "ఎర్ర." ఏమిటండీ? "ఎర్ర... ఎర్ర." వేలు గుమ్మం బయటికి చూపిస్తోంది. బజారుకి అని అర్థం చేసుకున్నాను.

జూన్ 15

ఎర్ర రాడ్ తెచ్చాను. తల అడ్డంగా ఊపారు. ఎర్ర బెండు చూపించాను. ఊహూ. ఎర్ర దారం... "ఎర్ర!" అని అరిచి మంచం పట్టె మీద గుద్దారు. నేనూ అరిచాను. "ఎర్రదే కదా తెచ్చింది! ఇంకెంత ఎర్రగా ఉండాలి?" పక్క క్వార్టర్లో టీవీ శబ్దం తగ్గింది. విన్నారు.

జూన్ 16, ఆదివారం

గుఢియారీ నుంచి రామేశర్ భయ్యా వచ్చాడు. టైలరు. ఇరవై ఏళ్ళూ చెరువు గట్టున ఈయన పక్కన కూర్చున్నది ఇతనే. నేను తెచ్చినవన్నీ చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఛోడియే భాభీ, ఇవన్నీ వదిలెయ్యండి. గాలం నేను పట్టుకుంటా, రాజు భాయ్ పక్కన కూర్చుని చూస్తాడు." ఈయన మొహం చూడలేకపోయాను. లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. భయ్యా టీ కూడా తాగలేదు.

గుమ్మంలో అడిగాను, ఎర్ర అంటే ఏమై ఉంటుందని. తెలుగు రాదతనికి. రంగు పేరని నేనే చెప్పాను. "అచ్ఛా, లాల్?" అన్నాడు. లాల్ అని నాకూ తెలుసు.

జూన్ 18

రాయబుద్ధి కావడం లేదు. బీరువా పక్కన రెండు రాడ్లు. ఊడ్చినప్పుడల్లా అడ్డం.

జూన్ 23, ఆదివారం

ఈయన అక్క, మా వదిన ఫోన్, శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊరి నుంచి. తమ్ముడు వింటాడని ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది. నా బాధంతా చెప్పుకున్నాను — ఎర్ర, ఎర్ర అంటారు, ఏది తెచ్చినా కాదంటారు. అవతల ఒకటే నవ్వు.

"ఓలమ్మ! ఎర్రలే పిల్లా. వోనపాములు. గాలానికి గుచ్చుతారు కదేటి! సిన్నప్పుడు వోన పడితే సాలు, ఎర్రలు తవ్వుకుని, ఎదురుకర్ర ఒట్టుకుని సేపలకి గెడ్డకి ఎలిపోయీవోడు."

"ఆఁ!" అన్నారు ఈయన. మంచం మీద నుంచి లేవబోయారు. "ఆఁ, ఆఁ!" ఎడమ చెయ్యి ముందుకి చాపి, ఒక్కసారి పైకి లేపారు. కర్ర లేపినట్టు. ఒక్క చేత్తో.

రీలే అక్కర్లేదు. వెదురుకర్ర, దారం, బెండు, ముల్లు, వానపాము. పది రోజులుగా ఈ మనిషి చెబుతున్నది ఇదీ. నేను పుట్టి పెరిగింది ఈ రైల్వే కాలనీలో. బళ్ళో హిందీలో కేంచువా, ఇంట్లో వానపాము. ఎర్ర అన్న మాట ఎప్పుడు విన్నాను గనక? సంతోషించాలి. ఒళ్ళు మండుతోంది. దుకాణం వాడి మీద, వదిన నవ్వు మీద, అన్నిటికంటే నా మీద.

జూన్ 25

గుఢియారీలో బుట్టలల్లేవాళ్ళ దగ్గర వెదురు. ఒకటి బరువు. ఒకటి కొస దగ్గర చీలిక. రోడ్డు మీద నిలబడి, కొంగు దోపుకుని, ఎడమ చేత్తో ఒక్కోటీ ఎత్తి చూశాను. మా ఆఫీసువాళ్ళెవరో స్కూటరు ఆపి మరీ చూశారు. చూడనీ. చివరికి ఒకటి నచ్చింది — సన్నం, తేలిక, వంచితే వంగుతుంది, విరగదు.

జూన్ 26

ఈయన కర్ర ఊపి చూసి, మొదలు నుంచి జానెడు దగ్గర వేలు పెట్టారు. కోయమని. కోశాను. నేను వేసిన దారం ముడి పళ్ళతో విప్పేశారు. మళ్ళీ వేశాను. మళ్ళీ విప్పారు. అయిదోసారి ఊరుకున్నారు. నచ్చి ఊరుకున్నారో, విసిగి ఊరుకున్నారో...

జూన్ 29

వాన. క్వార్టరు వెనక తవ్వాను. బోలెడు. ముట్టుకోవడం నా వల్ల కాదు.

ముట్టుకున్నాను.

జూన్ 30, ఆదివారం

చెరువు. ఆటోలో తీసుకెళ్ళాను. ఈయన ప్లాస్టిక్ కుర్చీలో, నేను తడి గడ్డిలో. ఎర్ర గుచ్చడానికి రెండు చేతులు కావాలి గనక ఆ పని నాది. మొదటిది మెలికలు తిరిగి జారిపోయింది. రెండోదానికి ముల్లు నా వేల్లో దిగింది. "ఛ!" అన్నారు. మిగతా మాటలు రావు, ఇది మాత్రం శుభ్రంగా వస్తుంది.

రెండు గంటలు. బెండు మునిగింది. లాగారు — ఆ చేతికి ఇంకా వేగం లేదు — చేప గాలిలో మెరిసి మళ్ళీ నీళ్ళలో పడింది. అప్పుడు వచ్చింది ఈయన నోట్లోంచి, ఏడు నెలల్లో మొదటి పూర్తి వాక్యం. చేపనీ, చేప తల్లినీ కలిపి. ఒక్క అక్షరం తడబడలేదు. ఇక్కడ రాయలేను. డాక్టరుకి ఏమని చెప్పను?

కర్ర నీళ్ళలోకి విసిరేశారు. మోకాళ్ళ లోతు దిగి తెచ్చాను. ఇస్తే తీసుకోలేదు. ఆటోలో చెరో వైపు చూస్తూ ఇంటికి.

జూలై 3

ఎర్ర గుచ్చడం పట్టుబడింది. వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. కాస్త తోక వదలాలి, కదులుతూ ఉండాలి. ఈయన చూసి తలూపారు. ఇన్ని రోజుల్లో మొదటిసారి.

జూలై 7, ఆదివారం

ఆరింటికల్లా తయారు. సంచిలో ఇద్దరికీ రొట్టెలు పెట్టాను. బయట స్కూటరు హారన్ — రామేశర్ భయ్యా. ఎవరు పిలిచారు? ఈయనే. తెల్లవారగానే ఫోన్ చేసి "ఆ... ఆ" అన్నారట. అతనికి అర్థమైందట!

"పదండి, నేనూ వస్తున్నా" అన్నాను. ఈయన సంచి నా చేతిలోంచి తీసుకున్నారు.

"నువ్వు... వద్దు."

స్కూటరు మీద ఎలా, పడిపోతేనో? భయ్యా ఒక పట్టీ తీసి చూపించాడు. మందపాటి గుడ్డతో తనే కుట్టాడు, ఇద్దరి నడుముకీ కలిపి కట్టుకోవడానికి. "గిర్నే నహీ దూంగా, భాభీ." పడనివ్వనని. "గాలం?" అన్నాను. "రాజు భాయ్‌దే. నేను ఎర గుచ్చి ఇస్తా, అంతే." తల వంచుకుని అన్నాడు. మొన్నటి మాటకి సిగ్గుపడ్డాడేమో.

వెళ్ళిపోయారు. వెనక్కి చూడలేదు. ఇరవై ఏళ్ళూ అలాగే వెళ్ళేవారు. నాకు కావలసింది ఇదే కదా, మరి ఈ కోపం ఏమిటి? వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నది నాకు.

పన్నెండు దాటింది. వాన పెద్దదైంది. ఫోన్ చేస్తే ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు. ఆటో పిలిచి వెళితే ఈయనకి కోపం. వెళ్ళకపోతే నాకు కుదురు లేదు. చెప్పులు వేసుకుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను...