చెయ్యెత్తితే నిలుస్తుంది

పావగడ, 14-8-1943

నిడుగల్లులోని అక్క ముత్తక్కకు తమ్ముడు జయరామప్ప దండాలు.

అమ్మకు కాలు విరిగింది. ప్రాణభయం లేదు కనుక తంతి ఇవ్వలేదు. మొన్న సంత నాడు బావి నుంచి నీళ్ళు తెస్తూ దారి దాటుతుంటే బస్సు తగిలింది. మా బస్సే, నేను పనిచేసే ఆఫీసుదే. బావి దారికి అవతల, మా ఇల్లు ఇవతల, ఆఫీసు పక్కనే. సంత రోజున ఆ దారి ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. రెండు వైపులా మిరపకాయల గోతాలు, గొర్రెలు, బండ్లు. నడుమ మిగిలేది ఒక బస్సు పట్టేంత చోటు. విరిగింది తుంటి దగ్గర. ఈ వయసులో మళ్ళీ నడవడం కష్టమని డాక్టరు అన్నాడు.

డ్రైవరు దాసప్ప చెడ్డవాడు కాదు. యుద్ధం వల్ల పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతో నడిపేందుకు బస్సు వెనక పొయ్యి కట్టినప్పటి నుంచి నిలపడమంటే వాడికి చిరాకు. నిలిపితే బండి మళ్ళీ ఊపందుకోవడానికి చాలాసేపు పడుతుంది. "నడిచేటోళ్ళకు కండ్లుండాయి, కాళ్ళుండాయి. నా బండికి బొగ్గులు తప్ప ఏముండాయి? పక్కకు పోవాల్సింది ఎవురప్పా?" అని రోజూ అంటాడు. ఆఫీసులో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి.

అమ్మ మాత్రం ఒకటే మాట. "తప్పు నాదే నాయినా. నెత్తిన బింద ఉన్నింది. కుడిచేత్తో దాన్ని పట్టుకోని ఎడమచెయ్యి ఎత్తినా. ఎడమచెయ్యి చూపిస్తే ఎవురికైనా కోపం రాదా?"

వీలైతే ఒకసారి వచ్చిపో.

నీ తమ్ముడు
జయరామప్ప

పావగడ, 9-9-1943

అక్కా,

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. చిన్నప్పుడు అంగడి పొట్లాలు విప్పి ఆ కాగితాల మీద మనిద్దరం అక్షరాలు నేర్చుకున్నప్పటి నుంచీ నాకు నోటికన్నా చెయ్యే నయం. ఈ ఉత్తరం బావకు చూపించవద్దు.

చెయ్యెత్తమని అమ్మకు చెప్పింది నేను. నాన్న పోయాక నాగలమడిక నుంచి ఇక్కడికి తెచ్చుకున్న కొత్తలో ఆమెకు బస్సంటే హడలు. పది రోజులు బావి వైపు పోలేదు. పక్కింటివాళ్ళు మాకు నీళ్ళు పోసేవాళ్ళు. నాకు నామోషీగా ఉండేది. ఒకరోజు విసుగుతో, "భయమెందుకమ్మా? చెయ్యెత్తితే నిలుస్తుంది," అన్నాను. మన ఊళ్ళో ఎద్దులబండికి చెయ్యెత్తితే పగ్గం బిగబట్టి, మనం దాటేదాకా ఆగుతారు కదా. ఆమె అదే అనుకుంది. బావి దగ్గర ఆడవాళ్ళకు గొప్పగా చెప్పిందట, "మావోడు ఆఫీసులో ఉండాడు, వాడే చెప్పినాడు," అని. బస్సుకు ఎత్తిన చెయ్యికి ఒకటే అర్థం, ఎక్కుతానని. అది రోజూ బస్సు సాగనంపే నాకు తెలియదా?

ఇంకొకటి ఉంది. ఆ రోజు సీట్లన్నీ నిండాయి. నేను బస్సు పక్క తట్టి, "ఫుల్లప్పా దాసప్పా. ఎవరు చెయ్యెత్తినా నిలపొద్దు, పో," అన్నాను. యాభై అడుగులు పోయిందో లేదో కేక వినబడింది. తరవాత దాసప్ప ఆఫీసు మెట్ల మీద కూలబడి, "నువ్వే చెప్తివి కదప్పా. ఎక్కేదానికేమో అనుకుంటి. నిలిచేది లేదని తెలిసి తప్పుకుంటాదిలే అనుకుంటి," అన్నాడు. వాడిని ఏమనను?

ప్రతి రాత్రీ రాసే దినవహిలో ఆ రోజు రాసింది ఇంతే: సంత. బస్సు ఫుల్. ఆ కింద చెయ్యి సాగలేదు. ఆమెకు ఒక మాట చెప్పాను, వాడికి ఒక మాట చెప్పాను. రెండింటి మధ్యా నెత్తిన బిందెతో అమ్మ నిలబడింది.

ఆమెకు ఎట్లా చెప్పాలో రాయి.

జయరాముడు

పావగడ, 21-10-1943

అక్కా,

నువ్వు రాసినట్లే అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె నవ్వింది. "పిచ్చోడా, నువ్వు చెప్పింది నిజమే. నేనే ఎత్తాల్సిన చెయ్యి ఎత్తలేదు," అంది. ఎంత చెప్పినా నా తప్పును నాకు ఇవ్వలేదు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వాకిట్లో మంచం మీద పడుకుని, బిందెతో పోయే ప్రతి మనిషికీ చెబుతోంది: "కుడిచెయ్యెత్తండమ్మా, కుడిచెయ్యి." నేను బావి దగ్గరికి పోయి, చెయ్యెత్తవద్దు, బస్సు పోయాక దాటండి అన్నాను. నీళ్ళు తోడుతున్న బోరమ్మ నన్ను అందరి ముందూ కడిగేసింది. "కాలు పోగొట్టుకున్న మీ యమ్మ ఒకటి చెప్తా ఉండాది. కుర్చీలో కూచున్నోనివి నువ్వొకటి చెప్తావా గుమాస్తప్పా?" చెయ్యెత్తితే నిలపమని దాసప్పను అడిగాను. "నిండిన బండిని ఎందుకు నిలిపేది? బొగ్గులు నువ్విస్తావా?" అన్నాడు. యజమాని దగ్గరికి పోతే, దారి వేసింది బస్సు కోసమేనన్నాడు.

ఈ రోజు సంత. ఒక టికెట్టు అమ్మకుండా దాచుకున్నాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. "ఒక సీటుండాది దాసప్పా. ఎవరు చెయ్యెత్తినా నిలుపు," అని పంపి, వాకిట్లో నిలబడి చూశాను.

బావి దగ్గర బోరమ్మ కుడిచెయ్యెత్తింది. బస్సు నిలిచింది.

"ఎక్కు, ఎక్కు, బిరీన!"

"నేనెందుకు ఎక్కుతానప్పా? నీళ్ళు మోసుకోని ఇంటికి పోతా ఉండాను."

"మరి చెయ్యెందుకెత్తితివే?"

"దాటేదానికి!"

దాసప్ప తిట్లు ఆఫీసు దాకా వినబడ్డాయి. బోరమ్మ నిదానంగా దాటింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. మంచం మీది నుంచి అమ్మ నన్ను పిలిచి, "చూస్తివా? కుడిచెయ్యి," అంది. ఆమె మొహం అంత వెలగడం, కాలు విరిగాక నేను చూడలేదు. సీటు ఖాళీ ఉన్నందుకే నిలిచిందని చెప్పలేకపోయాను.

బస్సు మలుపు దాకా పోయింది. అక్కడ తలగుడ్డ కట్టుకున్న పెద్దాయన ఒకడు చెయ్యెత్తాడు. బస్సు నిలిచింది. ఆయన ఎక్కాడు. ఆ ఒక్క సీటూ నిండింది.

కుడిచెయ్యి మాట అప్పటికే మలుపు దాటింది. అవతలి దారి ఇక్కడికి కనబడదు. అక్కడ కూడా ఒక బావి ఉంది అక్కా.

నీ తమ్ముడు
జయరామప్ప