లెక్కల మేక

ఆదివారం రాత్రి, మర్రిగూడ.

పొద్దున చర్చి ఆరాధనలో బొమ్మల సినిమాల మీద నిప్పులు కురిపించాను. ఫోన్లలో ఆడే ఆ బొమ్మలు పిల్లల మనసుల్ని ఎత్తుకుపోయే దొంగలని అరిచాను. చేతిలో బైబిలు ఉంటే నా గొంతుకు పగ్గాలుండవు.

సాక్ష్యాల వేళ, పత్తి ఏరడానికి కూలికి పోయే మరియమ్మ లేచింది. "అయ్యగారూ, మా పిల్ల చూసే లెక్కల మేక బొమ్మలను ఫోన్లకెళ్ళి తీసేసిన. దేవునికి స్తోత్రం!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూతురు రూతు మాత్రం ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది.

"మేక రొట్టెను ముక్కలు చేసి చూపిస్తెనే నాకు భిన్నాలు సమజయినయ్ అయ్యగారూ. బుధవారం పరీక్ష ఉన్నది. ఇప్పుడెట్ల?"

"ప్రార్థన చెయ్యి బిడ్డా" అన్నాను.

ప్రభువా, ఐదో తరగతిలో బడి మానేసిన నాకు భిన్నాలు నేర్పింది ఆ మేకే. పెళ్ళయ్యాక, పొరుగింటి టీవీ ముందు పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఆ పాత భాగాలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. అలసిన రోజున చప్పుడు తగ్గించి చూసుకుంటాను. మేక కూడికలో తప్పు చేస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంతమంది ముందు ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. నా పరువు కోసం ఆ పిల్ల చదువును బలిచ్చాను.

రేపు వాళ్ళింటికి వెళ్ళి అవన్నీ వాళ్ళ ఫోన్లో మళ్ళీ ఎక్కించి రావాలి. "మీ దగ్గరికి ఇవి యాడ నుంచి వచ్చినయ్ అయ్యగారూ?" అని మరియమ్మ అడగకుండా ఉండదు. "సాతాను పన్నాగం తెలుసుకునేటందుకే దాచిన" అనే జవాబు అప్పుడే నాలుక మీదికి వచ్చి కూర్చుంది...