నీలిటోపీవాడు వంతెన దాటాడు

వాషర్‌మెన్‌పేట, చెన్నై
9-8-1998, ఆదివారం

బావకు హైమ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అత్తకూ నాకూ ఏ లోటూ లేదు. సూరత్‌లో నువ్వు కూడా వేళకు తింటూ, వానలో తడిసిన బట్టలతో తిరగకుండా కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే అత్త భయానికి నిన్ను 'మీరు' అంటాను గానీ, ఉత్తరంలో నాకు చిన్నప్పటి 'నువ్వే' వస్తుంది. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం మంగళవారం చేరింది. మూడు సంగతులు అడిగావు. మొదటిది అత్త మోకాలు. నొప్పి బాగా తగ్గింది. పక్కింటి మునియక్క ఇచ్చిన తైలం వల్ల తగ్గిందని అత్త అంటుంది. నేను తెచ్చిన మాత్రల వల్ల అని నేనంటాను. నీ ఓటు ఎవరికో రాయి, ఇంట్లో తగువు తీరుతుంది.

రెండోది, టి. నగర్ ఆఫీసులో కూర్చుని నేను వీడియో గేమ్ ఆడుతున్నానని అత్త ఎవరిచేతో నీకు రాయించింది, అది నిజమేనా అని. నిజమే. అది ఏ ఆటో చెబితే నువ్వు ఆ గోడౌనులో చీరల మూటల మీద నుంచి లేచి నిలబడతావు. మన నీలిటోపీ!

మూడోది, విజయదశమికి వచ్చి నన్ను సూరత్ తీసుకుపోతానన్నావు, అందుకు సిద్ధంగా ఉన్నానా అని. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కానీ రెండోదాని సంగతి పూర్తిగా చెప్పకుండా మూడోదానికి వెళితే నీకు అర్థం కాదు. తొందరపడి చివరి పేజీ తిప్పొద్దు. తిప్పుతావని తెలుసు, అయినా చెబుతున్నాను.

నీకు గుర్తుందా, ఆనందన్ అన్న వీడియో క్యాసెట్ల కొట్లో వెనక గదిలో టీవీ పెట్టి, అరగంటకింత అని ఆ ఆట ఆడించేవాడు. అది జపాన్ నుంచి ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. తెరమీద మాటలన్నీ జపాన్ అక్షరాలే. చీపురుపుల్లలు విరిచి పోసినట్టుండేవి. మన రెండు ఇళ్ళలోనూ పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే, నువ్వు ఐదోదాకా చదివి కొట్టుకు పోయినవాడివి, కానీ ఆ తెర ముందు మనమిద్దరమూ ఒక్కటే. అందుకని మన గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. ఆట నడిపే బొత్తాలు ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు ఎదురు చెప్పకూడదు. అందరికన్నా పెద్దవాడివి నువ్వు. కాబట్టి కథ నీదే. నీలిటోపీ పెట్టుకున్న ఆ పిల్లవాడు రాజ్యం పోగొట్టుకున్న రాకుమారుడన్నావు. గోపురంలో ఉన్న అమ్మాయి నెల్లూరు పెద్దమనిషి కూతురన్నావు. అందరమూ నమ్మాము.

గుహలో ముసలమ్మ మంత్రగత్తె అన్నదీ నువ్వే. ఆమె దగ్గరకు పోయి బొత్తం నొక్కితే నాలుగు వరసల అక్షరాలు వచ్చేవి, తర్వాత తెర మొత్తం నల్లబడిపోయేది. "సంపేసిందిరా, ఆర్పేయ్ అన్నా, ఆర్పేయ్" అని నువ్వు గోల పెట్టేవాడివి. ఆనందన్ అన్న స్విచ్ కట్టేసి మళ్ళీ వేసేవాడు. మళ్ళీ మొదటి కొండ నుంచి. అరగంటకు లెక్క కట్టి ఆడేవాళ్ళం, చీకటి తెర చూస్తూ ఎవరు కూర్చుంటారు? ఆ తర్వాత మన పేటలో ఏ పిల్లా ఆ ముసలమ్మ జోలికి పోలేదు. అందరమూ ఆమెను తప్పించుకుని పోవడం, విరిగిన వంతెన దగ్గర లోయలో పడి చావడం. ఆట అంతే అనుకున్నాము.

ఇప్పుడు ఆఫీసు సంగతి. మా కేశవ్ సార్ జపాన్ కంపెనీ దగ్గర అనుమతి తీసుకుని ఆ ఆటనే కంప్యూటర్‌కు తెస్తున్నారు. మాటలు తమిళంలోనూ తెలుగులోనూ పెట్టి సీడీగా అమ్ముతారు. నేను అక్కడ తెలుగు అక్షరాలు టైపు కొట్టడానికి చేరానని నీకు తెలుసు కదా. మొదటిరోజు ఆటలోని పాట వినగానే సార్ కళ్ళు తుడుచుకున్నారు. చిన్నప్పుడు ఆడినవాళ్ళందరూ చుట్టూ చేరి అబ్బా అబ్బా అనడమే. అప్పుడు సార్ నన్ను పిలిచి, ఇంగ్లీషు మాటలు పెట్టిన ఆట ఇచ్చి, మొదటి నుంచి చివరిదాకా ఆడి, ఎట్లా ఉందో ఉన్నదున్నట్టు రాసివ్వమన్నారు.

బావా, ఆ గుహ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ముసలమ్మను తప్పించుకుని పోబోయాను. ఇరవయ్యొక్కేళ్ళదాన్ని, ఆఫీసులో ఉన్నాను, అయినా భయమే. ముసలమ్మ ముందు నిలబడి బొత్తం నొక్కాను. ఆమె ఏమందో తెలుసా? "చాలా దూరం నడిచి వచ్చావు నాయనా. ఈ రాత్రికి ఇక్కడ పడుకో. నేను మేలుకుని ఉంటాను." అంతే. తెర నల్లబడింది. నా చేయి దానంతట అదే స్విచ్ మీదికి పోయింది. పక్క సీటులో ఉండే సింధూరి చేయి పట్టుకుని ఆపింది. "ఉండు హైమా, ఏంది అంత తొందర" అంది. నాలుగైదుసార్లు ఊపిరి తీసుకునేంత సేపు చీకటే. తర్వాత పిట్టల కూత వినపడింది. తెల్లారింది. నీలిటోపీ చాప మీద నుంచి లేచాడు. ముసలమ్మ వాడి చేతిలో దీపం పెట్టింది.

ఆమె చంపలేదు బావా. నిద్రపుచ్చింది.

ఆ దీపం పట్టుకుని వంతెన దగ్గరికి పోతే, విరిగిన చోట పలకలు కనిపిస్తాయి. ఎప్పుడూ ఉన్నాయి, వెలుగు లేక కనిపించలేదు. నేను కుర్చీలోంచి లేచి కేక పెట్టానని ఆఫీసంతా ఇప్పటికీ నవ్వుతున్నారు. అవతల ఏముందో చెప్పనా? సముద్రం. ఉప్పుమళ్ళు. పడవల మీద కట్టిన ఊరు, ఆ ఊళ్ళో సంత, సంతలో గాలిని సీసాలో పట్టి అమ్మే మనిషి. ఆటలో ముప్పాతిక భాగం అవతలే ఉంది. మనం ఏళ్ళ తరబడి గడప దగ్గరే కూర్చుని ఇల్లంతా చూశామనుకున్నాం.

ఇంత సంబరపడుతున్నానని, ఆ రోజులే బంగారం అని నేను కూడా అంటాననుకోకు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట రాస్తావు. నేను మళ్ళీ దగ్గరగా చూసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. మొదటి కొండ మీద వచ్చే పాట చిన్న ముక్క, అదే తిరిగి తిరిగి వచ్చి తల పగులుతుంది. అడవిలో చెట్లన్నీ ఒకే చెట్టు. ఒక్క రాయి తగిలితే ఎంత దూరం పోయినవాడైనా మళ్ళీ మొదటికి రావాలి. అది కష్టం కాదు, సతాయింపు. గోపురంలో అమ్మాయి చివరిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉండటం తప్ప ఒక్క మాట మాట్లాడదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆనందన్ అన్న కొట్లో నేను నీ వెనక నిలబడి చూసిందే ఎక్కువ. ఆడపిల్లల చేతికి బొత్తాలు వచ్చేది మీ అరగంటలో ఏమైనా మిగిలితేనే. ఇది నిష్ఠూరం కాదు. అట్లా ఉండేది, అంతే.

ఆట గురించినదంతా సార్‌కు అట్లాగే రాసిచ్చాను. చదువుతుంటే ఆయన ముఖం చిన్నబోయింది. "అప్పట్లో ఇది ఎంత గొప్పదో నీకు తెలీదమ్మా" అన్నారు.

"ఇప్పుడు కొనే పిల్లలకు కూడా తెలీదు కదా సార్" అన్నాను.

బల్ల కింద సింధూరి నా కాలు తొక్కింది. ఆయన నా కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేశారు. తర్వాత, "సరే, గోపురంలో ఆ పిల్ల మాట్లాడితే ఏమంటుందంటావు?" అని అడిగారు.

నాకు ఆలోచించే పని లేకపోయింది. "ఇన్నాళ్ళకు వచ్చావా? తాళం ఎక్కడుందో నాకు తెలుసు, ఆ దీపం ఇటు పట్టు అంటుంది సార్" అన్నాను. ఆయన గట్టిగా నవ్వేశారు. మొదటిసారి ఆ ఆట గురించి కన్నీళ్ళు లేకుండా నవ్వడం చూశాను.

వారం తర్వాత మళ్ళీ పిలిచారు. మాటలు మార్చుకోవడానికి జపాన్ వాళ్ళు ఒప్పుకున్నారట. తెలుగు మాటలన్నీ నన్నే రాయమన్నారు. ముసలమ్మ మాటలు, సంతలో బేరాలు, గోపురంలో అమ్మాయి మాటలు, అన్నీ. దీని తర్వాత ఇంకో ఆట కూడా ఉందట. టైపు పని కాదు, రాసే పని. రెండేళ్ళకు ఒప్పందం. రోజూ ఆఫీసుకు రావాలి. శుక్రవారంలోగా చెప్పమన్నారు.

ఇక నీ మూడో ప్రశ్న. ఇంతసేపూ దాని చుట్టే తిరుగుతున్నాను.

బావా, నేను ఒప్పుకున్నాను. నిన్ను అడగకుండానే మొన్న శుక్రవారం సంతకం చేశాను. విజయదశమికి నేను సూరత్ రాలేను.

అడగడానికి వీలులేక కాదు. వీధి చివర ఎస్టీడీ బూతులో నీ గోడౌను నంబరు పట్టుకుని నిలబడ్డాను. నా వంతు వచ్చింది. వెనకవాళ్ళను ముందు పొమ్మని, ఇంటికి వచ్చేశాను. ఎందుకంటే నువ్వు వద్దంటే నేను వద్దనే అనుకుంటాను. నువ్వు కసురుకోవు, బలవంతపెట్టవు, నాకు తెలుసు. నువ్వు ఒక మాట చెబితే అదే జరిగే కథ అని నమ్మడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈసారి మాత్రం అక్కడ ఏం రాసి ఉందో నేనే చదువుకోవాలనుకున్నాను. అంతకంటే మంచి కారణం లేదు.

నీ దగ్గరకు రానని కాదు. నువ్వు తీసుకున్న ఆ గది, కిటికీ లోంచి కనిపించే వేపచెట్టు, నువ్వు కొన్న కిరసనాయిలు స్టవ్వు, అన్నీ చూడాలని ఉంది. వేసవిలో సెలవు ఇస్తామన్నారు, అప్పుడు వస్తాను. నీకు కోపం వస్తే కోపమే రాయి. ఎంత పెద్ద ఉత్తరమైనా చదువుతాను. 'సరే' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. నాకు భయం దానికే.

అత్తకు శుక్రవారం సాయంత్రమే చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. "వాడాడ ఒంటిగా ఒండుకోని తింటా ఉంటే, నువ్వీడ బొమ్మలకు మాటలు రాస్తావా?" అంది. నిన్నంతా నాతో మాట్లాడలేదు. నాకు వినపడాలని గోడ మీదుగా మునియక్కతో మాట్లాడింది. "మా కోడలికి ఉద్దోగం ఖాయమైపొయ్యింది మునియక్కా, రెండేండ్లకు. నా బిడ్డ సంగతి ఎవురికి గావాల" అంది.

మునియక్క బట్టలు ఆరేస్తూ, "ఎవురికో ఎందుకు, నీకు గావాల గదా? నువ్వే పొయ్యి ఉండరాదా. ఈడ నువ్వు ఏం కోట కాస్తా ఉండావు" అంది. అత్త లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. నాకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

ఈ పొద్దున నేను ఇది రాస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఏం రాశానో చదవమంది. 'నువ్వు'లన్నీ 'మీరు'లు చేసుకుంటూ ఇప్పటిదాకా రాసిందంతా చదివాను, తనను గురించి రాసింది కూడా. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి, "పాపం, అన్నం పెట్టి పడుకోబెట్టేదాన్ని అన్నేండ్లు దెయ్యమని ఆడిపోసుకున్నారా మీరు" అని నొచ్చుకుంది. అన్నం పెట్టినట్టు ఆటలో లేదు, కానీ బాగుంది కదా అని నేను రాసుకున్నాను, రేపు పెట్టిస్తాను. సంతకం సంగతి కూడా చదివాను. అంతా విని, సూరత్ బండి ఎక్కడ ఎక్కాలని అడిగింది. సెంట్రల్‌లో అన్నాను. దారిలో ఏమేమి ఊళ్ళు వస్తాయంది. తెలిసినవి చెప్పాను.

"మీ మామ ఉన్నన్నాళ్ళూ నన్ను ఈ పక్కనుండే మాధవరం దాటించలా" అంది. "నేను పోతా. వాడు వచ్చినప్పుడు వాని వెంబడి నన్ను పంపించు. నువ్వు వచ్చేదాకా ఉంటా. నేను అడిగినానని రాయొద్దు, నువ్వే పంపిస్తా ఉండావని రాయి."

కాబట్టి బావా, అత్తను నేనే పంపిస్తున్నాను.

పగలు ఇల్లు మునియక్క చూసుకుంటుందట, రాత్రి తోడుకు సింధూరి వచ్చి ఉంటానంది. నా గురించి దిగులు పడకు. అత్త అప్పుడే వీధిలో నలుగురికి చెప్పేసింది. అక్కడ ఉప్పుడు బియ్యం దొరుకుతాయా, లేక మూట కట్టి తేవాలా అని అడుగుతోంది. మూడు పూటలా చపాతీలంటే మరుసటి బండికే తిరిగి వస్తుందట. బండిలో తనకు కిటికీ పక్క సీటే కావాలట, నువ్వు కూర్చుంటానన్నా లేవదట. టికెట్టు తీసేటప్పుడు అది మాత్రం మరిచిపోకు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ భార్య,
హైమ