వల్లకాటి దారి

నాయనా,

మన చోళపురం వల్లకాటికి రోడ్డు పడింది. ప్రతి గ్రామసభలోనూ నువ్వు లేచి నిలబడి అడిగిన సిమెంటు రోడ్డే. చివర ఒక చేతిపంపు, దీపం కూడా పెట్టారు.

నువ్వు పోయిన రోజు ఒకటే వాన. నిన్ను వరిపొలం గట్టు మీద మోసుకుపోతుంటే తమ్ముడు బురదలో జారాడట, పాడె ఒరిగిందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి వాడు ఏడ్చాడు.

కొత్త రోడ్డు మీద మొదట వెళ్ళింది నీ స్నేహితుడు మాడసామి మామ. మొన్న ఆయన్ని తీసుకెళ్ళినప్పుడూ వానే. మోసినవాళ్ళ కాళ్ళకు బురద అంటలేదు.

నిన్న రాజపాళయంలో మా మిల్లుకు సెలవు. నీ దగ్గరికి, వల్లకాటికి బయలుదేరితే అమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఆడోళ్ళు సుడుగాటికి పోకూడదు పాపా. ఊర్లో ఏమంటారు?"

"ఈ రోడ్డు కోసం నాయన ఎంత తిరిగినాడమ్మా! దాని మీద మనం నడిస్తే తప్పా?"

అమ్మ గడపలోంచి పక్కకు జరిగింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

"నన్నూ పిలుచుకొని పో. ఆయన్ని ఏడ పెట్టినారో నేను చూసిందే లేదు."

తమ్ముడు చెప్పిన గుర్తులతో నిన్ను వెతుక్కున్నాం. మట్టి కుంగి నీ చోటు పల్లమైంది, గడ్డి మొలిచింది. అమ్మ నీ పక్కన కూర్చుని ఆ గడ్డి పీకుతూ ఉంది. ఆమె పెదవులు కదలడం చూసి, మీ ఇద్దరినీ వదిలి నేను చేతిపంపు దాకా నడిచాను.

నీ కూతురు,
మారీశ్వరి