వాషర్‌కు ఉండే మర్యాద

ఏమప్పా, ఈ చీటీ అత్తమ్మ కంట్లో పడకూడదని నీ బోరు మోటార్ల వాషర్ల డబ్బాలో పెడతాండా. చదివి చించెయ్. పాపను అత్తమ్మ దగ్గర వదిలి, అనంతపురం చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోతాండా.

మనిద్దరికీ అని ఆన్‌లైన్‌లో తెప్పించినావే గులాబీ రంగు వైబ్రేటరు, దాన్ని పారెయ్. మొన్న అది వాడినప్పటి నుంచి కూర్చోనియ్యని మంట. అత్తమ్మేమో నాకు కొత్త సబ్బు పడలేదనుకొని, దాన్ని దిబ్బలో పారేసింది. రబ్బరు వాషర్ కొనేటప్పుడు ముక్కుకాడ పెట్టుకొని, గబ్బు కొడితే అంగడాయన మొహానే కొడతావు. అదే గబ్బు రబ్బరుకు స్ట్రాబెర్రీ వాసన పూస్తే పెండ్లానికి పనికొస్తాదా?

ఈసారి రంగూ వాసనా లేని మెత్తని సిలికాన్‌ది చూడు. ముందు నీ మోచేతి మడతలో రుద్దుకొని ఒక దినం ఆగు. దద్దుర్లు లేస్తే అత్తమ్మ ముందర గోక్కో, ఏ సబ్బు పేరు చెప్తావో చూస్తా.

నాకు వద్దని కాదు. ఈ మంట తగ్గుతాదో లేదో అని భయంగా ఉండాది. సాయంత్రం బస్టాండుకు బండి తేవద్దు, ఆటో తీసుకొని రా.

డాక్టరమ్మ నీకేం పడదమ్మా అని అడిగితే, మా ఇంటాయనే పడడు అని చెప్తా.