కావాలని పెట్టిన నలుపు

జూన్ 12, సోమవారం

స్కూల్ హాస్టల్‌లో నాకు సీటు వచ్చింది. చేరతానో లేదో నెలాఖరులోగా చెప్పాలి.

హాస్టల్ కావాలని అడిగింది నేనే. నిజం రాయాలంటే, ఎవరైనా వద్దంటారేమో చూద్దామని అడిగాను. నాన్న నీ ఇష్టం తల్లీ అన్నారు. పిన్ని టేబుల్ తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు కాదు. అమ్మ పోయిన రెండేళ్ళకు నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆమెను ఏమని పిలవాలో తెలియక అందరూ పిన్ని అనమంటే అంటున్నాను.

జూన్ 13, మంగళవారం

సైన్స్‌లో కొత్త పాఠం. భౌతిక మార్పులు, రసాయన మార్పులు. సైన్స్ టీచర్‌ను మేమంతా బీకర్ మేడమ్ అంటాం, ఆవిడ టీ కూడా బీకర్‌లోనే తాగుతారని పుకారు. ఐస్ కరిగితే భౌతిక మార్పు, కాగితం కాలితే రసాయన మార్పు. వినగానే నేను సొంతంగా ఒక రూల్ కనిపెట్టాను. వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనం.

ఆ లెక్కన మా ఇంట్లో జరిగింది పక్కా రసాయన మార్పు.

హోంవర్క్: ఇంట్లో ఒక మార్పు మన చేత్తో చేసి, వచ్చే వారం శుక్రవారం క్లాసులో చెప్పాలి. ఇద్దరిద్దరు కలిసి చేయాలట. మా క్లాసులో జతలు సరిపోవు, ఒకరు మిగిలిపోతారు. ఎవరు మిగిలారో రాయక్కర్లేదు.

జూన్ 15, గురువారం

పిన్ని నాతో హోటల్ రిసెప్షనిస్ట్‌లా మాట్లాడుతుంది. నీకు ఇబ్బంది లేకపోతే ఫ్యాన్ తగ్గించనా. ఇంకొంచెం వడ్డించనా, వద్దంటే పర్వాలేదు. పోయిన నెల ఆమె గాజు జగ్గు నా చేతిలోంచి జారి పగిలింది. ఒక్క మాట అనలేదు. పక్కకు జరుగమ్మా, కాళ్ళకు గుచ్చుకుంటాయి అని తనే ఊడ్చేసింది. అమ్మయితే పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూసేలా అరిచేది. తర్వాత కాళ్ళు చూసేది.

ముగ్గురం ఉంటాం. ఫ్రిజ్ చప్పుడు బాగా వినిపిస్తుంది.

జూన్ 19, సోమవారం

నా రూల్ తప్పట.

క్లాసు అయ్యాక ఆగి మేడమ్‌ను అడిగాను. వెనక్కి రాకపోతే రసాయన మార్పేగా అని. ఆవిడ చాక్‌పీస్ పుటుక్కున విరిచి, దీన్ని మళ్ళీ ఒకటి చేయగలవా అన్నారు. లేదన్నాను. మరి ఇందులో కొత్త పదార్థం ఏమన్నా పుట్టిందా, ఇటు ముక్కా చాకే, అటు ముక్కా చాకే కదా అన్నారు. వెనక్కి వస్తుందా లేదా అన్నది కాదట అసలు ప్రశ్న. కొత్తది పుట్టిందా లేదా అన్నది చూడాలట.

పైగా కొన్ని రసాయన మార్పులను ఇంకో రసాయన మార్పుతో వెనక్కి తేవచ్చట. వెండికి గంధకం తగిలి పైన నల్లటి కొత్త పదార్థం ఏర్పడుతుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా వేసి, వేడినీళ్ళు పోసి, ఫాయిల్‌కు తగిలేలా వెండిని ముంచితే నలుపు వదిలిపోతుందట.

ఇంత చెప్పి మేడమ్, నువ్వెందుకమ్మా ఎప్పుడూ చివర్న ఒక్కదానివే వెళ్తావు అన్నారు. బస్సు లేటు అని అబద్ధం చెప్పాను. నేను నడిచి వెళ్తాను.

జూన్ 21, బుధవారం, మధ్యాహ్నం

ఈ రోజు స్కూలు ఒంటిపూటే. నాన్న లిఫ్టులు రిపేరు చేయడానికి వెళ్ళారు. పిన్ని కర్టెన్లు కుట్టే షాపులో ఉంది. అద్దం ముందు ఆమె వెండి కంకణం ఉంటుంది. చుట్టూ తీగలు చెక్కి ఉన్నాయి, సందులన్నీ నల్లగా ఉన్నాయి. పని హడావుడిలో కడగడానికి తీరిక లేదేమో పాపం అనుకున్నాను.

హోంవర్క్ ఒక్కటే కాదు. వెళ్ళేముందు ఒక మంచి పని చేసి పోదామనుకున్నాను. అప్పుడైనా ఆమె వెళ్ళొద్దు అంటుందేమోనని.

నీళ్ళలో బుడగలు వచ్చాయి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. నలుపంతా వదిలిపోయింది. కంకణం తళతళలాడిపోయింది. ఉన్న చోటే పెట్టేసి కూర్చున్నాను.

అదే రోజు, సాయంత్రం ఏడు

కొంప మునిగింది.

అది మురికి కాదట. చెక్కిన పని కనబడాలని చేసినవాళ్ళే కావాలని పెట్టిన నలుపట. కంకణం పిన్ని వాళ్ళ అమ్మమ్మదట. పిన్ని దాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. తీగలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత మొదలుపెట్టింది. బుద్ధుందా నీకు, అడగడానికి నోరు పడిపోయిందా, ఇంత పొడుగు పెరిగావు ఎందుకు అంది. నాన్న టూల్ బ్యాగ్‌తో లోపలికి వస్తే ఆయన మీద పడింది. హాస్టల్లో వేస్తారట హాస్టల్లో, అక్కడ ఎవరి సొమ్ము సోడాలో ముంచుతుందో ఈ మహాతల్లి, ఎక్కడికీ పోయేది లేదు, ఇది మళ్ళీ నల్లబడేదాకా నా కళ్ళముందే పడి ఉండాలి అంది. నాన్న బ్యాగ్ కింద పెట్టడం కూడా మర్చిపోయారు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె అమ్మమ్మ వస్తువు పాడుచేసినందుకు సిగ్గేసి ఏడ్చాను. కానీ సగం ఏడుపు అందుకు కాదు. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా తిట్టి ఎన్నాళ్ళయిందో.

జూన్ 22, గురువారం

నలుపు మళ్ళీ ఎలా తేవాలని మేడమ్‌ను అడిగాను. ఉడికించిన గుడ్డును వేడిగా చిదిమి, కంకణంతో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టమన్నారు. అందులోనూ గంధకం ఉంటుందట. పిన్ని షాపు నుంచి తొందరగా వచ్చేసింది. గుడ్లు ఆమె ఉడికించింది, నేను చిదిమాను. ఇల్లంతా కంపు. నాన్న ప్లేటు పట్టుకుని బాల్కనీలోకి పారిపోయారు.

మేమిద్దరం డబ్బా ముందు కూర్చున్నాం. చేయడానికి వేరే పనేం లేదు కాబట్టి మాట్లాడుకున్నాం. హాస్టల్ మాట విన్న రోజే వద్దందామనుకుందట. చెప్పడానికి నువ్వెవరివి అంటానేమోనని భయపడిందట. అనేదాన్నేమో అన్నాను. నాకూ అదే అనిపించిందిలే అని నవ్వింది. లేచి నాన్నకు వినబడేలా, రేపు హాస్టల్‌కు ఫోన్ చేసి రాదని చెప్పండి అంది. నన్ను అడగలేదు. అడగనందుకు ఎంత బాగుందో.

జూన్ 23, శుక్రవారం

పొద్దున డబ్బా తెరిస్తే మొత్తం నల్లగా ఉంది. పిన్ని పైపైన గుడ్డతో రుద్దింది. సందుల్లో నలుపు ఆగింది. ఒక తీగ దగ్గర గోధుమరంగు వచ్చింది, అది మునుపటిలా లేదు. పిన్ని ఆ చోటును వేలితో తడిమి, తొడుక్కుని షాపుకు వెళ్ళింది.

క్లాసులో చెప్పాను. ఒక్కదాన్నే. తర్వాత కూడా ఎవరూ వచ్చి పక్కన కూర్చోలేదు. గుడ్డు వాసన అనుకుంటాను.

జూన్ 25, ఆదివారం

తడి టవల్ మంచం మీద పడేశానని పిన్ని తిట్టింది. నేను ఎదురు చెప్పాను. ఆమె ఇంకా గట్టిగా తిట్టింది. నాన్న టీవీ సౌండ్ పెంచారు.